పేరంటపల్లి రేవు నుంచి మార్లవాయి బడి దాకా: అడవి బిడ్డలనే పంతుళ్లుగా నిలబెట్టిన హైమన్‌డార్ఫ్

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ వైపు కుటుంబాలు సెలవులు రాగానే పాపికొండల టూర్ పెట్టుకోవడం మామూలే. భద్రాచలం దాటి పోచవరం దాకా వెళ్లి లాంచీ ఎక్కితే, గోదావరి రెండు కొండల మధ్య ఇరుకుగా మారే చోట పేరంటపల్లి వస్తుంది. లాంచీ ఆగుతుంది. పిల్లలు దిగి ఫొటోలు తీసుకుంటారు. పెద్దవాళ్లు కొండరెడ్లు చేసిన వెదురు బొమ్మలు బేరం చేస్తారు. అరగంటలో మళ్లీ లాంచీ కదులుతుంది.

1941లో ఇదే ఒడ్డున ఒక తెల్లదొర దిగాడు. అరగంటలో వెళ్లిపోలేదు. భార్యతో కలిసి కొండరెడ్ల గూడేల్లో మకాం పెట్టాడు, వాళ్ల పోడు చూశాడు, జీలుగు కల్లు గీసే విధానం చూశాడు, పెళ్లిళ్లు, పండగలు, అప్పులు అన్నీ రాసుకున్నాడు. ఆయన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆదిలాబాద్ గోండులకు ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున మాత్రం ఈ పేరు తెలిసినవాళ్లు తక్కువ.

ఈయన కథ ఇప్పుడు ఎందుకంటే, మన ఇళ్లలో ఒక మాట ఎప్పుడూ వినిపిస్తుంది. పిల్లవాడు తెలివైనవాడైతే ఇంజినీరింగ్, మెడిసిన్. ఏదీ కుదరకపోతే చివరికి టీచర్ ట్రైనింగ్. తెలివైన యువత పంతులు పనికి ఎందుకు రావడం లేదని బాధపడేవాళ్లం మనమే, మన బిడ్డ ఆ దారి పడతానంటే వద్దనేవాళ్లం కూడా మనమే. సరిగ్గా ఈ చిక్కును ఎనభై ఏళ్ల క్రితం నిజాం రాజ్యంలోని అడవుల్లో ఒకాయన విప్పడానికి ప్రయత్నించాడు. ఆయన ఎక్కడ గెలిచాడు, ఆ పని తర్వాత ఎక్కడ జారిపోయింది అన్నది మనకు పనికొచ్చే సంగతి.

వియన్నా నుంచి హైదరాబాద్‌కు

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టాడు. పేరున్న ఖాందాన్. ఇంట్లో డబ్బుకు, హోదాకు లోటు లేదు. వియన్నా యూనివర్సిటీలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ తీసుకున్నాడు. తర్వాత లండన్ వెళ్లి, ఆ రోజుల్లో ఈ శాస్త్రానికి పెద్ద ఉస్తాద్ అనిపించుకున్న మాలినోవ్‌స్కీ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. ఒక సమాజాన్ని తెలుసుకోవాలంటే దూరం నుంచి చూసి రాసేస్తే కుదరదని, వాళ్ల మధ్యే ఉండి వాళ్ల భాషలో మాట్లాడాలని అక్కడ పాఠం. ఆ పాఠాన్ని ఆయన జీవితాంతం వదల్లేదు.

1936లో ఈశాన్యంలోని నాగా కొండలకు వచ్చి ఏడాదికి పైగా ఉన్నాడు. 1938లో బెట్టి బర్నార్డో అనే బ్రిటిష్ యువతిని పెళ్లి చేసుకున్నాడు. మన అడవుల్లో ఆమె ఎలిజబెత్ అనే పేరుతోనే ఎక్కువ గుర్తు. ఆయన పుస్తకాల వెనుక ఆమె కష్టం సగం ఉంది.

1939లో దంపతులు మళ్లీ ఇండియా వచ్చారు. అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను జర్మనీ అప్పటికే కలిపేసుకుంది కాబట్టి హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ సర్కారు లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అరెస్టు చేశారు. అయితే అధికారుల్లో ఆయన్ను ఎరిగినవాళ్లు ఉండడంతో జైలు తప్పింది. హైదరాబాద్ సంస్థానం హద్దు దాటకూడదన్న షరతు మీద నిజాం రాజ్యంలో ఉండనిచ్చారు.

నాగా కొండలకు పోదామని వచ్చిన మనిషి తన ఇష్టంతో కాదు, గత్యంతరం లేక దక్కన్‌లో ఆగిపోయాడు. ఆగిన చోటే పని వెతుక్కున్నాడు. ముందు అమ్రాబాద్ నల్లమల అడవిలో చెంచుల దగ్గరకు వెళ్లాడు. 1941లో గోదావరి ఒడ్డుకు, మన కొండరెడ్ల దగ్గరకు వచ్చాడు.

రెండు సర్కార్ల మధ్య నలిగిన గూడేలు

ఆనాటి మ్యాపు ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఖమ్మం జిల్లా అప్పటికి లేదు. అది 1953లో వచ్చింది. పాల్వంచ తాలూకా వరంగల్ జిల్లాలో ఉండేది, నిజాం పాలన. పేరంటపల్లి ఉన్న ఒడ్డు ఈ వైపుది. గోదావరి దాటితే భద్రాచలం ఏజెన్సీ. 1860లో నిజాం దాన్ని ఇంగ్లిష్ వాళ్లకు అప్పగించాక మద్రాసు వైపు పోయింది. నది ఒకటే, రెండు ఒడ్లనా బంధువులే. కానీ ఈ ఒడ్డున సర్కారు భాష ఉర్దూ, ఆ ఒడ్డున సర్కారు భాష ఇంగ్లిష్. కొండరెడ్లు మాట్లాడేది తెలుగు, పక్క గూడేల్లో కోయలు మాట్లాడేది కోయ.

కొండరెడ్ల బతుకు పోడు మీద నడిచేది. కొండవాలున చెట్లు కొట్టి కాల్చి, ఆ బూడిదలో గింజలు వేసుకునేవాళ్లు. అది చాలని రోజుల్లో దుంపలు, జీలుగు. ఈ బతుకులోకి కలప, వెదురు కాంట్రాక్టర్లు వచ్చారు. అడ్వాన్సు ఇచ్చి చెట్లు కొట్టించడం, తెప్పలు కట్టించి గోదావరి మీద పంపించడం. అడ్వాన్సు తీరేది కాదు. పద్దు రాసేది వ్యాపారి. ఆ పద్దు చదవగలిగిన మనిషి గూడెంలో ఉండడు. ఎంత పనిచేసినా బాకీ ఇంకా ఉందంటే నమ్మడం తప్ప వేరే దారి లేదు.

ఈ అనుభవాన్నంతా ఆయన బైసన్ హిల్స్ రెడ్ల మీద రాసిన పుస్తకంలో పెట్టాడు. అది 1945లో అచ్చయింది. బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలే. అదే ఏడాది సంస్థానంలోని గిరిజనుల స్థితి మీద సర్కారుకు ఇచ్చిన నివేదికలు కూడా పుస్తకంగా వచ్చాయి. అడవి మనిషి బద్ధకస్తుడు, తాగుబోతు, అందుకే పేదవాడు అని ఆఫీసర్లలో చాలామందికి ఒక అభిప్రాయం ఉండేది. దాన్ని ఆయన ఒప్పుకోలేదు. భూమి మీద హక్కు కాగితం లేకపోవడం, ఆ కాగితాన్ని చదివే మనిషి లేకపోవడం, ఈ రెండే అసలు కారణాలని ఆయన పని మొత్తం చూపిస్తుంది.

మార్లవాయిలో గుడిసె

పాల్వంచ అడవి నుంచి ఆయన ఉత్తరానికి, ఆదిలాబాద్ గోండుల దగ్గరకు వెళ్లాడు. అక్కడ పరిస్థితి వేడిగా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీమ్ నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. గోండులు సాగు చేసుకుంటున్న భూముల్ని రిజర్వు ఫారెస్టు పేరుతో లాక్కోవడం, మైదానం నుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకోవడం, ఇవే ఆ తిరుగుబాటు వెనుక ఉన్న గొడవలు. భీమ్ పోయాక సర్కారు పెద్దల్లో కొందరికైనా కళ్లు తెరుచుకున్నాయి. రెవెన్యూ శాఖ చూసిన గ్రిగ్సన్ అనే ఇంగ్లిష్ అధికారి అంతకుముందే బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడు. హైమన్‌డార్ఫ్ చెప్పే మాటలకు ఆయన దగ్గర విలువ దొరికింది.

హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. ఇప్పుడది కుమురం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. వాళ్లు అక్కడ గోండి భాష నేర్చుకున్నారు. భూముల సర్వే, పట్టాల పంపిణీ గురించి సర్కారుకు రాస్తూనే ఇంకో పనికి చేయి వేశారు. అదే బడి.

బడి పెట్టడం సులువే. పంతులు ఎక్కడ దొరుకుతాడు? పట్నంలో చదివిన ఉర్దూ, మరాఠీ పంతుళ్లను తెచ్చి అడవిలో వేస్తే ఏమవుతుంది? పిల్లల మాట వాళ్లకు అర్థం కాదు, వాళ్ల మాట పిల్లలకు అర్థం కాదు. మలేరియా ఉన్న అడవిలో, బంధువులు లేని చోట, పంతులు మనసు ఎప్పుడూ బదిలీ మీదే ఉంటుంది. రోజూ బడి తెరిచి ఉన్నా అందులో చదువు జరగదు.

హైమన్‌డార్ఫ్ దీన్ని తలకిందులు చేశాడు. పంతుల్ని బయట నుంచి తేవడం కాదు, గూడెం నుంచే తయారు చేయాలన్నాడు. అయితే గోండుల్లో చదువుకున్నవాళ్లే లేరు. అక్కడక్కడా కాస్త మరాఠీ అక్షరాలు గుర్తుపట్టేవాళ్లు కొద్దిమంది దొరికారు. పరీక్ష పెడితే వాళ్లలో ఒక్కడూ పాసయ్యేవాడు కాదు. 1943లో అలాంటివాళ్లతోనే మార్లవాయిలో శిక్షణ కేంద్రం మొదలైంది. చురుకైన యువకుల్ని ఏరి తెచ్చి, వాళ్లకు చదువు, చదువు చెప్పే పద్ధతి రెండూ ఒకేసారి నేర్పించారు. గోండికి అందరికీ తెలిసిన లిపి లేదు కాబట్టి దేవనాగరిలో గోండి వాచకాలు తయారు చేయించారు. పిల్లవాడికి మొదటి అక్షరం అమ్మ మాటలో. అక్కడ నిలదొక్కుకున్నాక మరాఠీ. తయారైన పంతుళ్లు ఒక్కొక్కరూ వెళ్లి ఒక్కో గూడెంలో బడి తెరిచారు.

తెలివైనవాళ్లు ఎందుకు వచ్చారు?

ఇక్కడ మనం ఆగి చూడాల్సిన సంగతి ఉంది. ఆ యువకులు గూడేల్లో చురుకైనవాళ్లు. పొలం ఉంది, పశువులు ఉన్నాయి. అప్పటిదాకా సర్కారు మనిషి అంటే వాళ్లకు ఫారెస్టు గార్డు, పట్వారీ, పోలీసు. అలాంటి సర్కారు పనికి వాళ్లు ఎందుకు ఒప్పుకున్నారు?

జీతం ఒక కారణం, కాదనలేం. నెలకోసారి నగదు చేతికి రావడం గూడెంలో కొత్త సంగతి. కానీ జీతంతోనే అయ్యే పని కాదది. ఆ రోజుల్లో అడవిలోకి వచ్చే ప్రతి కాగితం మన ఉర్దూ కచేరీ మాటలతో నిండి ఉండేది. పట్టా, అర్జీ, జుర్మానా, రసీదు, జమాబందీ. ఈ మాటలు తెలియకపోతే భూమి పోతుంది. పంతులు అయినవాడు పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు, పొద్దుగూకాక పెద్దల కాగితాలు చదివి పెట్టేవాడు. పట్టాలు పంచుతున్న కాలంలో, చదవగలిగిన గోండు ఒకడు గూడెంలో ఉండడం అంటే ఆ గూడెం భూమికి కాపలా ఉన్నట్టే. ఆఫీసర్ వస్తే తన వాళ్ల తరఫున మాట్లాడేది కూడా అతనే. అందుకే పంతులు అంటే గూడెంలో పెద్దమనిషి అయ్యాడు.

రెండోది, ఆ ఉద్యోగం కోసం తన భాషను, తన వేషాన్ని వదులుకోనక్కర్లేదు. అప్పటిదాకా గోండు అయి ఉండడమే అతనికి లోటుగా చూశారు. ఇక్కడ మాత్రం గోండి రావడమే అర్హత అయింది. మైదానం నుంచి వచ్చిన పెద్ద డిగ్రీవాడి కంటే ఈ పనికి తానే ఎక్కువ తగినవాడు. తన దగ్గర ఉన్నదానికి విలువ ఉందని తెలిసినప్పుడు యువకుడు ఎంత దూరమైనా నడిచి వస్తాడు.

మూడోది, ముందుకు పోయే దారి. మార్లవాయి కేంద్రంలో పంతుళ్లతో పాటు గ్రామాధికారులు, గుమాస్తాలు, ఫారెస్టు గార్డులు కూడా తయారయ్యారు. ఒకప్పుడు తమను అదిలించిన కుర్చీలోనే తమవాడు కూర్చోవడం గోండులు చూశారు. చదివితే ఏమొస్తుంది అన్న ప్రశ్నకు పిల్లలకు కళ్ల ముందే జవాబు ఉంది.

అయితే ఇందులో ఒక మెలిక లేకపోలేదు. చురుకైన పంతులుకు వేరే ఉద్యోగం దొరికితే బడి ఒక మంచి మనిషిని పోగొట్టుకుంటుంది. పంతులు పని మెట్టుగా మారితే మంచివాళ్లు ఆ మెట్టు ఎక్కి దాటిపోతారు. పంతులు పనిలోనే ఎదిగే వీలు ఉంటే తప్ప ఇది ఆగదు. ఈ చిక్కు ఆ రోజే ఉంది, ఈ రోజూ ఉంది.

సలహాదారు, ప్రొఫెసర్

1944లో బ్రిటిష్ సర్కారు ఆయన్ను ఈశాన్య సరిహద్దుకు పంపింది. ఇప్పటి అరుణాచల్‌లోని అపతానీల దగ్గర కొంతకాలం పనిచేశాడు. శత్రువని అరెస్టు చేసిన సర్కారే తన పని మీద పంపించింది చూడండి. 1945లో హైదరాబాద్ తిరిగొచ్చి నిజాం ప్రభుత్వానికి గిరిజనులు, వెనుకబడిన తరగతుల సలహాదారు అయ్యాడు. ఉస్మానియా యూనివర్సిటీలో మానవశాస్త్రం ప్రొఫెసర్‌గా కూడా పనిచేశాడు. అడవిలో పంతుళ్లను తయారు చేసిన మనిషి నగరంలో తానే పంతులయ్యాడు.

ఈ కాలంలోనే 1356 ఫస్లీ నాటి గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఫస్లీ లెక్క మన పెద్దల పాత దస్తావేజుల్లో చూసే ఉంటారు. ఇంగ్లిష్ లెక్కలో అది 1946. అడవి ప్రాంతాలకు వేరే పాలన, గిరిజన పంచాయతీలకు గుర్తింపు దాని ఉద్దేశం. ఆదిలాబాద్‌లో క్షేత్రస్థాయిలో ఈ పనులు చూసినవాళ్లలో సేతు మాధవరావు పగ్డీ ముఖ్యుడు. ఈయన హైదరాబాద్ సివిల్ సర్వీసు అధికారి, గోండుల మీద పుస్తకం రాశాడు. మన పాఠకులకు ఇంకో సంగతి నచ్చుతుంది. ఉర్దూ కవిత్వాన్ని మరాఠీ పాఠకులకు పరిచయం చేసింది కూడా ఈ పగ్డీయే.

నిజాం రాజ్యం చేసిన తప్పులు చరిత్రలో ఉన్నాయి, జోడేఘాట్ కాల్పులు వాటిలో ఒకటి. అదే రాజ్యంలో, అదే దశాబ్దంలో, గోండు పిల్లవాడికి గోండిలో అక్షరం నేర్పే పని కూడా సర్కారు డబ్బుతోనే జరిగింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం న్యాయం కాదు.

ఆయన వెళ్లాక

1948 సెప్టెంబరులో హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1949లో హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్లి అక్కడి ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో చేరాడు. 1951లో ప్రొఫెసర్ అయ్యాడు, 1976లో రిటైరయ్యేదాకా అక్కడే. 1953 నుంచి నేపాల్ వెళ్లి షెర్పాల మీద పనిచేశాడు. ప్రపంచం ఆయన్ను పెద్ద విద్వాంసుడిగా గుర్తించింది ఈ ఏళ్లలోనే.

రిటైరైన తర్వాత ఆయన పాత చోట్లకు మళ్లీ వచ్చాడు. ఆంధ్రప్రదేశ్ అడవుల్లో తిరిగి, తాను చూసిన గూడేలు ఇప్పుడెలా ఉన్నాయో చూశాడు. చూసింది 1982లో పుస్తకంగా రాశాడు. అందులో సంతోషం కంటే బాధే ఎక్కువ. పట్టాలు ఇచ్చిన భూములు చాలాచోట్ల మళ్లీ బయటివాళ్ల చేతికి పోయాయి. గోండి వాచకాలు మూలన పడ్డాయి. రాష్ట్రం మారింది, బడి భాష తెలుగు అయింది. బయట నుంచి వచ్చిన పంతుళ్లలో చాలామందికి అడవిలో ఉండాలని లేదు, పిల్లల భాష నేర్చుకోవాలని అసలే లేదు. ఆయన భయపడిందే జరిగింది.

ఇందులో ఆయన పద్ధతిలోని లోపం కూడా ఉంది. ఆ పథకమంతా కొద్దిమంది ఆఫీసర్ల ఇష్టం మీద నిలబడింది. వాళ్లు ఉన్నన్నాళ్లు నడిచింది, వాళ్లు మారాక సడలింది. మంచి మనిషి ఒకడు మొదలుపెట్టిన పని ఆ మనిషి లేకపోయినా నడవాలంటే దానికి చట్టం, బడ్జెట్, ఊరివాళ్ల పట్టుదల మూడూ కావాలి.

1987 జనవరిలో ఎలిజబెత్ హైదరాబాద్‌లో చనిపోయారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో కన్నుమూశాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి మార్లవాయిలో భార్య సమాధి పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి ఇద్దరినీ తలుచుకుంటారు. వియన్నా ఖాందాన్ బిడ్డ చివరికి గోండు గూడెం మట్టిలో కలిశాడు.

మళ్లీ మన అడవి అంచుకు

ఆయన మొదట చూసిన గోదావరి గూడేల సంగతి ఏమైంది? భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. ఐటీడీఏ వచ్చింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. పంతులు మాత్రం ఎవరు అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో ఒక జీవో వచ్చి కోర్టుల్లో చిక్కుకుంది. 2000 జనవరి 10న జీవో నంబర్ 3 వచ్చింది. ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నది దాని సారం. పంతులు బడికి రాకపోవడమే దీనికి సర్కారు చెప్పిన ముఖ్య కారణం. ఇరవై ఏళ్ల పాటు భద్రాచలం ఏజెన్సీలో డీఎడ్, బీఎడ్ చదివిన కోయ, కొండరెడ్డి, లంబాడా యువతకు అది ఒక భరోసా.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపడదని తేల్చింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలకు షరతులతో రక్షణ ఇచ్చింది. ఏజెన్సీలో ఉంటున్న గిరిజనేతర నిరుద్యోగులకు వాళ్ల గోడు వాళ్లకు ఉంది. వాళ్లలో మన కుటుంబాల పిల్లలు కూడా ఉన్నారు. గిరిజన యువతకు వాళ్ల భయం వాళ్లకు ఉంది. ఈ తగువులో ఎవరి పక్షం న్యాయం అని తేల్చడం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కోయ పిల్లవాడికి కోయ మాటలో మొదటి పాఠం ఎవరు చెబుతారు?

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. ఎనిమిది భాషలు తీసుకున్నారు. వాటిలో కోయ ఉంది, గోండి ఉంది. అంటే 1943లో మార్లవాయిలో చేసిన పనికే అరవై ఏళ్లు తిరిగి వచ్చారు. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రకు వెళ్లాయి, వాటితో పాటే పేరంటపల్లి కూడా వెళ్లింది. ఈ గోదావరి అడవికి మళ్లీ రెండు సర్కార్లు. గూడెం పిల్లవాడికి మాత్రం కావాల్సింది ఒకటే, తన మాట తెలిసిన పంతులు.

మన ఇంటి సంగతి

ఈ కథ గిరిజనులదే, మనకేంటి అనుకోవద్దు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. ఖమ్మంలో, కొత్తగూడెంలో, ఇల్లందులో, మణుగూరులో మన పిల్లలు రోజూ మూడు భాషల మధ్య తిరుగుతారు. ఒకటో తరగతి పిల్లవాడు ఇంటి మాటలో అడిగిన ప్రశ్నకు టీచర్ నవ్వితే, ఆ పిల్లవాడు మళ్లీ ప్రశ్న అడగడు. ఇది మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. ఉర్దూ మీడియం బడుల్లో పోస్టులు ఖాళీగా ఉండిపోవడం కూడా మనకు కొత్త కాదు. రిజర్వు కోటాలో అభ్యర్థులు దొరక్క పోస్టులు మిగిలిపోతాయి, వాటిని జనరల్‌కు మార్చండని ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నాం. 2024లో తెలంగాణలో 11,062 టీచర్ పోస్టులకు డీఎస్సీ జరిగింది. 2025లో ఆంధ్రలో 16,347 పోస్టులకు జరిగింది. పోస్టులు వస్తాయి, పోతాయి. వాటికి మన ఇళ్లలోని తెలివైన పిల్లలు ఎందరు సిద్ధమవుతున్నారన్నదే ప్రశ్న.

మార్లవాయి చెప్పే పాఠం కష్టమైనదేమీ కాదు. తెలివైన యువకుడు పంతులు పనికి రావాలంటే జీతం సరిగా ఉండాలి, అది సర్కారు బాధ్యత. పంతులుగానే ఎదిగే దారి ఉండాలి, అదీ సర్కారు బాధ్యతే. కానీ ఆ పనికి ఇజ్జత్ ఇచ్చేది ఊరు, కుటుంబం. గోండు యువకులు వచ్చింది వాళ్ల గూడెం వాళ్లను నెత్తిన పెట్టుకుంది కాబట్టి. మన పెళ్లి సంబంధాల్లో అబ్బాయి టీచర్ అంటే ముఖం ఎలా పెడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మాయి అయితే టీచర్ ఉద్యోగం మంచిదంటాం. ఎందుకంటే మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తుందని. అదీ గౌరవం కాదు, సర్దుబాటు.

ఉర్దూ, తెలుగు రెండూ ధారాళంగా వచ్చిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే, ఆ బిడ్డకు ఒక అర్హత పుట్టుకతోనే ఉంది. మార్లవాయి యువకులకు గోండి ఎంతో ఈ బిడ్డకు ఆ రెండు భాషలు అంత. భద్రాచలం, పాల్వంచ చుట్టుపక్కల గిరిజనుల పక్కనే పుట్టి పెరిగిన మన పిల్లల్లో కోయ మాట కొంచెం వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. దాన్ని అడవి మాట అని చిన్నచూపు చూడకండి. ఏజెన్సీ బడిలో అది డిగ్రీ అంత విలువైంది.

ఈసారి ఇంటర్ ఫలితాలు వచ్చాక మీ పిల్లవాడు టీచర్ అవుతానంటే, వెంటనే వద్దనకండి. కూర్చోబెట్టి అడగండి. ఏ బడిలో, ఎవరి పిల్లలకు, ఏ భాషలో చెబుతావు అని. జవాబు తడుముకోకుండా వస్తే, ఆ బిడ్డను ఆపకండి.